బేగం సాబ్ వేలికి దిగిన అద్దం

తాండూరు స్టేషన్ ముందర నిలబడే టాంగాలకు పరదాలు కుట్టేది షాహజాది. లోపల కూర్చున్న ఆడవాళ్ళకు బయటి లోకం కనబడాలి, బయటి లోకానికి వాళ్ళు కనబడకూడదు. ఈ రెండూ ఒకే గుడ్డలో కుదర్చడంలో ఆమెను మించినవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. మగడు అజమత్‌దీ టాంగానే. ఆయన గుర్రాన్ని చూసుకునేవాడు, ఆమె బండిని చూసుకునేది. మేకులు, స్క్రూలు, రింగులు, ఇత్తడి కమ్మీలు పాత నూనె డబ్బాలో వేసుకుని, బుర్ఖా మీద ఆ డబ్బా చంకన పెట్టుకుని ఆమె వస్తుంటే చప్పుడును బట్టే తెలిసిపోయేది.

ఒక్క బలహీనత ఉంది. మూసి ఉన్న వస్తువు కనబడితే ఆమె చేతులు ఆగవు. పెళ్ళయిన కొత్తలో అత్తగారింటి గోడ గడియారం విప్పింది. మళ్ళీ బిగించాక ఒక చిన్న చక్రం మిగిలిపోయింది. గడియారం మాత్రం నడిచింది, కాకపోతే గంటలు కొట్టడం మానేసింది. అత్తగారు తిడుతుందేమోనని రెండు రోజులు బిక్కుబిక్కుమంటూ తిరిగితే, ఆవిడేమో "ఇప్పుడు కదా నాకు నిద్ర పడుతున్నది" అని మెచ్చుకుంది. అప్పటినుంచి షాహజాదిని పట్టుకునేవాళ్ళు లేకపోయారు.

పందొమ్మిది వందల అరవై ఒకటి, ఎండాకాలం చివర. నాపరాళ్ళ గనుల యజమాని జహూర్ సాబ్ ఇంటి ముందర పిస్తా రంగు అమెరికా కారొకటి వచ్చి ఆగింది. హైదరాబాదులో జాగీరు పోయిన ఒక పెద్దింటివాళ్ళు అమ్మితే కొన్నాడట. దానికి పరదాలు కట్టాలని కబురొస్తే షాహజాది డబ్బాతో సహా పరుగెత్తుకుని పోయింది. డ్రైవర్ శంకరప్ప సేడం వైపు కన్నడ మనిషి. కారును తానే కన్నట్టు నిలబడి ఉన్నాడు.

షాహజాది తలుపు చుట్టూ చేత్తో తడిమింది. "అద్దం దించే పిడి ఏదన్నా?"

"పిడి లేదు చెల్లే. నోడ్రి, ఇట్ల చూడు," అని శంకరప్ప తలుపు మీదున్న చిన్న మీటను వేలితో నొక్కాడు.

గుయ్యిమని తుమ్మెద చప్పుడొకటి తలుపులోంచి వచ్చింది. అద్దం ఎవరూ పట్టకుండా, ఎవరూ తిప్పకుండా తనంతట తానే కిందికి దిగిపోయింది. మీటను ఇంకో వైపు నొక్కితే మళ్ళీ పైకి లేచింది. చుట్టూ చేరిన జనం ఒక అడుగు వెనక్కి వేశారు. షాహజాది రెండడుగులు ముందుకు వేసి, ముసుగు పైకెత్తి, చెవిని తలుపుకు ఆనించింది.

"లోపల ఎవరున్నరన్నా?"

"నీ అసుంటోళ్ళు దూరుతరనే తలుపుకు అట్ట కొట్టి మూసిన్రు."

"ఇంకోపారి దించు."

ఇంకోసారి దించాడు. ఆమె ఇంకోసారి అంది. మళ్ళీ దించాడు. చివరికి లోపలి వాకిట్లోంచి ముసలి గొంతొకటి పలికింది. "అక్కడ ఏం మూలుగుతున్నదే, షాహజాదీ?"

ఆ గొంతు జహూర్ సాబ్ తల్లి షమ్సున్నీసా బేగంది. ఆవిడ పుట్టింది పరిగి దగ్గర పల్లెలో. ఇంట్లో ఉర్దూ నడిచినా చిన్ననాటి తెలుగునే ఎక్కువ ఇష్టపడి మాట్లాడేది. షాహజాదికి మొదట సూది పట్టడం నేర్పింది ఆవిడే. ఇప్పుడు ఆ వేళ్ళ కణుపులన్నీ వాచి, చెంబు మూత కూడా తిప్పలేకపోతున్నది. పైగా దమ్ము, ఉబ్బసం. మూసిన టాంగాలో కూర్చుంటే ఊపిరాడదు, పరదా తీసి కూర్చోవడానికి మనసొప్పదు. అందుకని ఏళ్ళ తరబడి గడప దాటలేదు.

షాహజాది లోపలికి పరుగెత్తి చూసిందంతా చేతులు తిప్పుతూ చెప్పింది.

"వేలితో ఒత్తితే సాలా?" అడిగింది బేగం.

"సాలు బేగం సాబ్. అన్నం ఉడికిందా లేదా అని మెతుకు ఒత్తి చూడరా, గంతే."

బేగం తన చూపుడువేలును ఎత్తి వెలుతురులో పెట్టి చూసుకుంది. "మెతుకైతే ఇంకా ఒత్తుత నేను," అంది. కొడుకును పిలిపించింది.

ఆవిడ అడిగింది ఒకటే. కరణ్‌కోట దగ్గర తన భర్త తవ్వించిన మొట్టమొదటి గని చూడాలి. ఇల్లంతా ఆ గని రాయే. నడిచే బండ, పిండి కలిపే బండ, స్నానాల గది బండ. మధ్యాహ్నాలు గనిలో బండలు పగలగొట్టే మందు పేలిన చప్పుడు వినడమే కానీ కంటితో చూసింది లేదు. ఆయన బతికున్నప్పుడు పొద్దుగూకి ఇంటికొచ్చి చెప్పేవాడట, పెట్టెలో మడతపెట్టి దాచిన దుప్పట్ల లాగా ఉంటాయి లోపల బండలు అని. ఆ గని పనికిరాకుండా పోయి చాలాకాలమైంది. కొత్త గనికి లారీలు పోయే తోవ కోసం దాన్ని రాతిచెత్తతో పూడ్చాలని జహూర్ నిర్ణయించాడు. శనివారం మొదలు.

"పూడ్చుకో, నేను వద్దంటలేను," అంది బేగం. "లారీల కన్న ముందుగాల నన్ను తీసుకపో."

జహూర్ తల గోక్కున్నాడు. "పరదా ఉండాలె, అద్దం దిగాలె, నీకు దమ్ము రాకుండ ఉండాలె. మూడూ కుదిరితే నేనెందుకు వద్దంట, అమ్మీ?"

బుధవారం షాహజాది పరదాలు కట్టింది. కళ్ళెదుటికి వచ్చేచోట పలచటి జాలీ గుడ్డ పెట్టి, వెనక తలుపుల మీద అద్దానికి కాస్త పైన, ఒక పక్కన తలుపు అంచు వెంబడి కిందికి కూడా, ఇత్తడి కమ్మీలు అమర్చింది. టాంగాకు ఎట్లా బిగిస్తుందో అట్లాగే. దిట్టమైన పొడుగు స్క్రూలు, ఒక్కొక్కటి చిటికెన వేలంత. లోతుగా పట్టుకోకపోతే గుంతల రోడ్డు మీద పరదా ఊడి వస్తుందని ఆమె భయం. స్క్రూ లోపలికి పోతుంటే కొంతదూరం తర్వాత ఒక్కసారిగా వదులైంది. కారు తలుపు లోపల ఇంత డొల్లా అనుకుంది. అంతే. ఇంకేమీ అనుకోలేదు.

శంకరప్ప మీట నొక్కాడు. ముందువైపు ఎక్కడో టక్కుమంది. ఎడమ వెనక అద్దం కదల్లేదు. తుమ్మెద కూడా మూలగలేదు. ముందు అద్దాలు నొక్కి చూశాడు. అవీ చచ్చాయి. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేలోగా, ఎవరూ ఏమీ చేయకుండానే ముందు అద్దాలకు ప్రాణం వచ్చింది. ఎడమ వెనకదాన్ని మళ్ళీ కిందికి నొక్కగానే మళ్ళీ టక్. మళ్ళీ అన్నీ చచ్చాయి.

"దీనికేదో గాలి సోకింది," అన్నాడు శంకరప్ప.

సాయంత్రానికి బజారంతా తెలిసిపోయింది. షాహజాది సూది తగిలి అమెరికా కారు కళ్ళు మూసిందని టాంగా స్టాండులో నవ్వులు. అవి ఆమెను పెద్దగా బాధపెట్టలేదు. జహూర్ సాబ్ నెమ్మదిగా వచ్చి "అమ్మీ, ఇంక ఈ ముచ్చట వద్దు, మూసిన కారుల నీకు పాణం పోతది" అన్నప్పుడు, బేగం విసనకర్రను చాప మీద పెట్టేసింది. అది చూడలేకపోయింది షాహజాది.

"సాబ్, నా చేతుల మీద జరిగింది. వికారాబాద్ల బ్యాటరీల మునీర్ ఉన్నడు. కారు తీసుకపోయి చూపిద్దాం. నేను గూడ పోత."

"నువ్వెందుకు?"

"ఏం జేసిన్నో నేనే చెప్పాలె కద సాబ్."

శుక్రవారం పొద్దున్నే బయల్దేరారు. అజమత్ కూడా వచ్చి ముందు సీట్లో బిగుసుకుని కూర్చున్నాడు. "టాంగావాణ్ణి కార్ల చూస్తే నా గుర్రం నాతోని మాట్లాడదు," అని గొణిగాడు.

షాహజాది ఊరుకుంటుందా. వెనక సీట్లో ఎడమ తలుపుకు చెవి ఆనించి కూర్చుని మీట నొక్కడం మొదలుపెట్టింది. పైకి నొక్కితే అద్దం అప్పటికే పైన ఉన్నా లోపల తుమ్మెద మూలిగి ఆగుతున్నది. కిందికి నొక్కితే తలుపు నోరు మెదపదు, ముందర శంకరప్ప మోకాళ్ళ దగ్గర టక్కుమంటుంది. అప్పుడు కారులో ఏ అద్దమూ పనిచేయదు. ఒక మలుపు తిరిగి, చిన్న వంతెన దాటేసరికి అన్నీ మళ్ళీ బతుకుతాయి. ధారూరు దాటేవరకు ఆమెది ఇదే పని.

"గాలి సోకలేదన్నా," అంది ఆనందం పట్టలేక. "గాలి సోకితే పైకి కిందికి తేడా చూస్తదా? ఇది కిందికంటేనే అలుగుతున్నది. అలిగి కొంచెం సేపటికి తానే సల్లబడుతున్నది."

"మీ ఆయన లెక్క," అన్నాడు శంకరప్ప.

వికారాబాద్ స్టేషన్ పక్కన రేకుల కొట్టు మునీర్‌ది. బస్సుల బ్యాటరీలు, రేడియో బ్యాటరీలు వరుసగా పెట్టుకుని కరెంటు ఎక్కిస్తుంటాడు. కారును చూడగానే చేతిలోని చాయ్ పక్కన పెట్టి, మీసం కింద చిన్నపిల్లవాడి నవ్వు నవ్వాడు.

"ఇసుంటిది విన్న గానీ చూడలే. ఆపా, ఖరాబ్ గాకుండ ఇప్పుతనని మాత్రం జిమ్మ తీసుకోను, పూచీ నాది గాదు."

"ఇప్పు భాయ్. మిగిలిన చక్రాలు నేను దాచిపెడుత," అంది షాహజాది.

తలుపు లోపలి అట్ట ఊడి వచ్చింది. ముగ్గురూ తలలు దూర్చారు. అజమత్ కూడా బింకం మరిచి నాలుగో తల పెట్టాడు. లోపల అద్దం అడుగున రెండు ఇనుప చేతులు కత్తెర లాగా అడ్డంగా పెనవేసుకుని ఉన్నాయి. కత్తెర తెరుచుకుంటే అద్దం దిగుతుంది, మూసుకుంటే లేస్తుంది. దాని మొదట్లో పళ్ళ చక్రం, చక్రాన్ని తిప్పడానికి నల్లటి డబ్బీలాంటి మోటారు. తుమ్మెద అదే. కారు ఒంట్లోంచి తలుపులోకి, కీలు దగ్గర రబ్బరు గొట్టంలోంచి, తీగలు వచ్చాయి. మోటారు దాకా వచ్చేవి రెండే.

"ఎర్రదొకటి, పచ్చదొకటి," అంది షాహజాది. "రెండెందుకు భాయ్?"

మునీర్ ఒక చిన్న బల్బుకు తీగలు కట్టి పట్టుకున్నాడు. శంకరప్పను పైకి నొక్కమన్నాడు. ఎర్రతీగ దగ్గర పెడితే బల్బు వెలిగింది, పచ్చదానికి వెలగలేదు. కిందికి నొక్కమన్నాడు. పచ్చతీగ దగ్గర బల్బు మిణుక్కుమనే లోపే ముందర టక్.

"మోటారు లోపల రెండు సుట్లున్నయి. ఎర్ర తీగకు కరెంటొస్తే ఒక దిక్కు తిరుగుతది, పచ్చ దానికొస్తే ఇంకో దిక్కు. బటన్ చేసే పని గంతే, కరెంటును గీ తోవకో గా తోవకో పంపుడు. తిరిగి బ్యాటరీకి పోవుడు తలుపు ఇనుము మీదికెల్లే."

"అంటే పగ్గాలు," అన్నాడు అజమత్ ఉన్నట్టుండి. "ఎడమ పగ్గం గుంజితే ఎడమకు, కుడి పగ్గం గుంజితే కుడికి. గుర్రం ఒకటే."

మునీర్ ఆయన వైపు మెచ్చుకోలుగా చూశాడు. "అరే, గట్లనే భాయ్. ఇప్పుడు ఒక పగ్గాన్ని ఎవరో బండి కర్రకు కట్టేసిన్రు."

"ఆ టక్కు ఏంది మరి?" షాహజాదికి ఆగేట్టు లేదు.

"కరెంటు మోటారు దాక పోకుండ నడుమల్నే ఇనుముకు తాకితే అదుపు లేకుండ ఉరుకుతది. తీగలు కాలిపోతయి. గందుకని ముందర ఒక డబ్బిల రెండు రకాల రేకులు అతికించిన పలక పెట్టిన్రు. కరెంటు ఎక్కువైతే అది ఏడెక్కి వంగుతది, తోవ తెగుతది. నాలుగు అద్దాలకు తోవ అదొక్కటే, గందుకే నాలుగూ ఆగినయి. సల్లబడితే పలక మల్ల సక్కగైతది."

"నేను చెప్పలే? అలుగుతది, సల్లబడుతదని?" షాహజాది శంకరప్ప వైపు తిరిగి గెలిచినట్టు చూసింది. ఆ చూపు మధ్యలోనే ఆగిపోయింది. పచ్చతీగ తలుపు అంచున పోతున్నది. ఆ అంచులోంచి సన్నటి మొన ఒకటి లోపలికి పొడుచుకు వచ్చి ఉంది. తీగ మీది తొడుగును చీల్చి, లోపలి రాగిని తలుపు ఇనుముకు కలిపింది. ఆ మొనను ఆమె ఎక్కడున్నా గుర్తుపట్టగలదు.

"నా ఇస్కురే," అంది.

ఆమే స్క్రూ తిప్పే పనిముట్టు తీసుకుని దాన్ని బయటికి లాగింది. మునీర్ తీగకు టేపు చుట్టి, కిందికి నొక్కమన్నాడు. కత్తెర తెరుచుకుంది. అద్దం వాళ్ళ నాలుగు ముక్కుల ముందునుంచి హాయిగా దిగిపోయింది. కంటి ముందర, లోపలి పేగులన్నీ కనబడుతుండగా దిగింది. షాహజాది చప్పట్లు కొట్టింది. స్టేషన్ ముందరి జనం అటు తిరిగి చూశారు.

"ఇగ ఒక మాట," అన్నాడు మునీర్. "ఈ కారు తలుపులకు మల్ల ఇస్కురు పెట్టొద్దు ఆపా. పొడుగుది పెడితే తీగకో అద్దానికో తగులుతది. పొట్టిది పెడితే పలచ రేకు, నిలువదు."

సంబరం చల్లారింది. స్క్రూ లేకపోతే కమ్మి లేదు. కమ్మి లేకపోతే పరదా లేదు. పరదా లేకపోతే బేగం రాదు. తెల్లవారితే లారీలు. షాహజాది వెనక సీట్లో చతికిలబడి తల వెనక్కి వాల్చింది. పైన కారు కప్పుకు పరిచిన బూడిదరంగు గుడ్డ కనబడింది. గుడ్డ. దానికి అంచు పొడుగునా దిట్టమైన దారంతో వేసిన కుట్టు.

ఆమె లేచి కూర్చుంది. "సూది," అంది అజమత్‌తో. "డబ్బా తీసుకరా. దిట్టమైన సూది కావాలె."

ఇన్నాళ్ళూ పరదా అంటే బండికి బిగించేదనుకుంది. కుట్టేది కదా అసలు. కప్పు గుడ్డ కుట్టులోకి సూది పోనిచ్చి, వెడల్పాటి పట్టీతో పరదాను పైనుంచే వేలాడదీసింది. తలుపు తెరిచినా మూసినా ఇక పరదా కదలదు. అద్దం దిగేటప్పుడు గుడ్డను కూడా లోపలికి లాక్కుపోతుందేమోనని మునీర్ అనుమానపడితే, అంచు మడతలో పలచటి నాపరాయి పెంకులు పెట్టి కుట్టేసింది, బరువుకు నిలబడుతుందని. మీట దగ్గర ఒక వేలు పట్టేంత సందు విడిచి, పైన చిన్న మూత కుట్టింది.

బయల్దేరేటప్పుడు మునీర్ కారు చుట్టూ ఒకసారి తిరిగి, బ్యాటరీ మీద చెయ్యి వేసి చెప్పాడు. "ఇది ముసల్ది ఆపా. ఇంజన్ బంద్ ఉన్నప్పుడు అద్దాలతోని ఆడొద్దని చెప్పుండ్రి. కరెంటంత తాగేస్తది. తర్వాత కారు లేవదు, నెట్టాలె."

ఆ రాత్రే షాహజాది అన్నీ బేగంకు పూసగుచ్చినట్టు చెప్పింది. కత్తెర, పగ్గాలు, అలిగే పలక, ముసలి బ్యాటరీ. చివరిది బేగం రెండోసారి చెప్పించుకుంది.

"ఇంజన్ బంద్ ఉన్నప్పుడా?"

"అవు బేగం సాబ్."

"లేవదా?"

"లేవదంట."

శనివారం పొద్దున పిస్తా రంగు కారు కరణ్‌కోట తోవ పట్టింది. వెనక సీట్లో బేగం, పక్కన షాహజాది. ఊరు దాటగానే బేగం మూత పైకెత్తి సందులోంచి వేలు పెట్టింది. ఒక్క క్షణం వేలు అట్లాగే ఆగింది. తర్వాత నొక్కింది. తలుపులో తుమ్మెద మూలిగింది. అద్దం దిగింది. గాలి జాలీలోంచి దూసుకొచ్చి ఆవిడ మొహానికి తగిలింది. పరదా అంచులో రాళ్ళు టకటకలాడాయి, గుడ్డ మాత్రం లేవలేదు.

"నేనే దించిన," అంది బేగం, ఎవరితోనో తగువు పడుతున్నట్టు.

గని అంచున కారు ఆగింది. శంకరప్ప ఇంజన్ ఆపాడు. జహూర్ సాబ్ ముందే వచ్చి మేస్త్రీతో మాట్లాడుతున్నాడు. రాతిచెత్త నింపిన లారీలు వెనక సన్నటి తోవలో ఒకదాని వెంట ఒకటి నిలబడ్డాయి. కారు పక్కకు జరిగితే తప్ప వాటికి దారి లేదు.

కిందంతా మడతలే. నీలం మడత, దాని కింద బూడిద మడత, దాని కింద పసుపు, మళ్ళీ నీలం. ఎవరో ఓపిగ్గా మడిచి, అరచేత్తో సాపు చేసి పెట్టినట్టు గని గోడ పొడుగునా పేర్చి ఉన్నాయి. బేగంకు ఊపిరి తేలిగ్గా ఆడుతున్నది.

"దుప్పట్లే," అంది. "నేను నమ్మకపోయేదాన్ని. బండ దుప్పటి లెక్క ఎట్లుంటదని నవ్వేదాన్ని."

జహూర్ దగ్గరికి వచ్చాడు. "చూసినవా అమ్మీ? ఇగ పోదామా? లారీలు ఆగినయి."

"జర సేపు," అంది బేగం.

ఆయన మళ్ళీ మేస్త్రీ వైపు పోయాడు. బేగం వేలు సందులోకి దూరింది. అద్దం లేచింది. దిగింది. లేచింది. దిగింది. షాహజాది ఆవిడ మొహం చూసింది. ఆవిడ గనినే చూస్తున్నది, వేలు మాత్రం తన పని తాను చేసుకుపోతున్నది. తుమ్మెద చప్పుడు రానురాను సన్నగిల్లింది. చివరికి అద్దం కిందికి దిగి అక్కడే నిలిచిపోయింది.

శంకరప్ప వచ్చి కారు స్టార్ట్ చేయబోయాడు. అది ఒకసారి దగ్గి ఊరుకుంది.

"ఏమైంది?" జహూర్ పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"బ్యాటరీ సాబ్. నెట్టాలె. ఇంత బరువు బండికి మంది కావాలె. కొత్త గనిల పనోళ్ళు బువ్వలు తిని వచ్చిందాక కాదు."

జహూర్ కారు వైపు, లారీల వైపు, పరదా వైపు చూశాడు. ఆయన టోపీ తీసి, కారు తలుపు పక్కనే ఒక బండ మీద కూర్చున్నాడు. తల్లీకొడుకుల మధ్య జాలీ గుడ్డ ఒక్కటే.

"మీ అబ్బా మొదటి బండ ఏ దిక్కు తీసిండో తెలుసునా నీకు?" అంది బేగం లోపల్నుంచి.

"తెల్వదమ్మీ."

"నాకు తెలుసు, ఆయన చెప్పిండు. అదిగో ఆ పసుపు మడత కాడ. మన గడప అదే." ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. ఆయన విన్నాడు. లారీ డ్రైవర్లు దిగి నీడకు పోయి బీడీలు వెలిగించారు.

షాహజాది బేగం చెవి దగ్గర వంగి గుసగుసగా అడిగింది. "గిందుకేనా రెండుసార్లు చెప్పించుకున్నరు?"

"మునీర్ మంచి పనిమంతుడు," అంది బేగం అంతే నెమ్మదిగా. "చెప్పింది చెప్పినట్టు జరిగింది."

పనివాళ్ళు తిని, చేతులు కడుక్కుని, నవ్వుకుంటూ వచ్చేసరికి పొద్దు వాలింది. కారు వెనక చేతులు ఆనించారు. "బేగం సాబ్ దిగుతరా?" అని శంకరప్ప షాహజాదితో అడిగించాడు.

"దిగను. నన్ను గూడ నెట్టమను."

గని అంచు వెంబడి పల్లం మీద కారు మెల్లగా కదిలి, ఊపందుకుని, ఒక్క కుదుపుతో ఇంజన్ అందుకుంది. పనివాళ్ళు కేకలు వేశారు. బేగం నవ్వు పరదా దాటి వాళ్ళకు వినబడింది. ఇంజన్ నడుస్తున్నది కనుక అద్దం ఇప్పుడు పైకి లేస్తుంది. దుమ్ము కూడా లేస్తున్నది. "అద్దం ఎత్తుండ్రి బేగం సాబ్," అంది షాహజాది.

బేగం వేలు ఒళ్ళో పెట్టుకుంది. ఇల్లు చేరేదాకా ఎత్తలేదు.